దరువుకు పేరుండదా?

“మేడం, మీరు ఛందస్సు చెప్తరు గదా. గురువులు, లఘువులు లెక్కవెడ్తరు గదా. ఈ లూప్ బీపీఎం ఎంతో జెర చెప్పుండ్రి.”

అడిగింది మా కాలేజీలో డిగ్రీ రెండో ఏడు చదివే పిల్లగాడు. రాత్రిపూట పాశమైలారంలో ఒక కంపెనీ ప్యాకింగ్ లైన్ మీద నిలబడతాడు. పొద్దున షిఫ్టు దిగి, పటాన్‌చెరులో బస్సెక్కి సంగారెడ్డి వస్తాడు. నా క్లాసులో నిద్రపోతాడు. నేను లేపను. ఆ మధ్యాహ్నం మాత్రం కండ్లు మెరుస్తున్నాయి. చేతిలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, ఒక చెవికే వినపడే హెడ్‌ఫోన్. ఎవరిదో పెండ్లి బరాత్‌కు పాట కడుతున్నాడు. అందులో ఐదు సెకన్ల డప్పు ముక్క ఉంది. అది పాటతో కలవడం లేదు.

లూప్ అంటే తెలియని వాళ్లకు రెండు మాటలు. దరువులో నుంచి ఒక ముక్క కోసి, చివర మళ్లీ మొదటికి అతికేటట్టు తిప్పుతూ పోతే అది లూప్. నిమిషానికి ఎన్ని అడుగులు పడతాయన్నది బీపీఎం. పాటలో గొంతు, కీబోర్డు, బేస్, డప్పు అన్నీ ఒకే వేగంలో నడవాలి. అందుకే ఎక్కడి నుంచో తెచ్చిన లూప్ అసలు వేగం ముందు కనిపెట్టాలి, తర్వాత పాట వేగానికి మార్చాలి. ఇది మ్యూజిక్ ప్రోగ్రామింగ్ చేసే ప్రతి పిల్లగాడూ రోజూ చేసే పని. “దీంట్లో కులం ఎక్కడిది అక్కా, అన్నిట్లకూ కులమేనా?” అని అడిగేవాళ్లు ఉంటారు. ఉంది. ఓపికుంటే చదవండి.

సాఫ్ట్‌వేర్ ఆ ముక్కను విని 144 అని చెప్పింది. పాట 128లో ఉంది. పిల్లగాడు 144ను 128కి తగ్గించాడు. చాలామంది చేసేదే అది. ఇంటికి పోయి అమ్మకు వినిపించాడు. వాళ్లమ్మ కూడా అదే బెల్టులో హెల్పర్ పని చేస్తుంది. ఆమె గిన్నెలు తోముతూ విని, తల ఎత్తకుండానే అన్నదట: “ఇదేందిరా, సావుకు వొయినట్టున్నది. డప్పు గూడ సరిగ కాగలే.”

రెండే వాక్యాలు. రెండూ నిజం. నేను, వాడు ఒక గంట కూర్చొని లెక్క చేస్తేగానీ ఆమె చెప్పింది ఎంత కచ్చితమో తెలియలేదు.

ముందు సాఫ్ట్‌వేర్‌ను పక్కన పెట్టించాను. “లేచి నిలబడు. అడుగు వెయ్యి” అన్నాను. స్టాఫ్ రూంలో, పాణిగ్రాహి, పరిశోధన అని మాట్లాడుకునే పెద్దమనుషుల మధ్యలో, వాడు సిగ్గుపడుతూ అడుగు వేశాడు. ఐదు సెకన్లలో ఎనిమిది అడుగులు పడ్డాయి. సూత్రం చిన్నది: అడుగుల సంఖ్యను 60తో గుణించి, సెకన్లతో భాగించాలి. ఎనిమిదిని అరవైతో గుణిస్తే 480. ఐదుతో భాగిస్తే 96. అంటే ఆ దరువు నిమిషానికి 96 అడుగులది. మరి సాఫ్ట్‌వేర్ 144 అని ఎట్లా అన్నది?

ఆ దరువులో ఒక్కో అడుగు మూడుగా విరుగుతుంది. శాస్త్రీయ సంగీతం వాళ్లు దీన్ని తిస్ర గతి అంటారు. మన వాడల్లో దానికి గతి అని పేరు పెట్టరు, ఆడతారు. ఎనిమిది అడుగులు, అడుగుకు మూడు చొప్పున 24 దెబ్బలు. సాఫ్ట్‌వేర్ ఆ 24 దెబ్బల శబ్ద శిఖరాలను పట్టుకుంది. వాటిని మూడు మూడుగా కాకుండా రెండు రెండుగా కట్ట కట్టింది. 24ను రెండుతో భాగిస్తే 12. ఐదు సెకన్లకు 12 అంటే నిమిషానికి 144. లెక్క తప్పలేదు, కట్ట తప్పింది. దానికి ఇట్లాంటి తప్పులు మామూలే. సగం చెప్తుంది, రెట్టింపు చెప్తుంది, ఇట్లా మూడును రెండుగా వింటుంది. ఎందుకంటే కొత్త ప్రాజెక్టు తెరవగానే అది నాలుగు నాలుగు లెక్కన గళ్లు గీసి పెట్టుకుంటుంది. డిఫాల్ట్ అంటారు దాన్ని. డిఫాల్ట్ అనే మాట మనకు కొత్త కాదు. ఊరికి డిఫాల్ట్ ఊరే. వాడను విడిగా చెప్పాల్సిందే.

ఇప్పుడు 144ను 128కి దించితే ఏమైందో చూడండి. ఐదు సెకన్ల ముక్క 5.6 సెకన్లకు పైన సాగింది. అసలు అడుగు 96 నుంచి 85కు పడిపోయింది. పెండ్లిలో ఎగిరే దరువు పాడె వెంట నడిచే నడక అయింది. “సావుకు వొయినట్టున్నది” అన్నమాటకు అర్థం అదే.

రెండో మాట ఇంకా లోతుది. పిల్లగాడు వాడిన పద్ధతి వేగాన్నీ శ్రుతినీ కలిపి మార్చేది. పాత టేపును నెమ్మదిగా తిప్పితే గొంతు బొంగురు పోయినట్టు. 144 నుంచి 128కి దించితే శ్రుతి పన్నెండు స్వరస్థానాల్లో దాదాపు రెండు మెట్లు కిందికి దిగుతుంది. డప్పు శ్రుతి ఎక్కడిది? మంటది. గడ్డి మంట వేసి కాపితే తోలు బిగుసుకొని డప్పు ఖంగుమంటుంది. చల్లబడితే, వాన చినుకు పడితే వదులై బొంగురుపోతుంది. రెండు మెట్లు దిగిన డప్పు అంటే కాగని డప్పే. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లానగన్, గోల్డెన్ అనే ఇద్దరు 1966లో శ్రుతి మారకుండా వేగం మార్చే దారి ఒకటి చూపించారు. ఫేజ్ వొకోడర్ అంటారు. వాళ్ల పేర్లు నాకు తెలుసు, మీకూ తెలిసాయి. ఎందుకు తెలిసాయంటే వాళ్లు కాగితం మీద రాశారు, వాళ్ల పేరుతో అచ్చయింది. శ్రుతి దిగిందని గిన్నెలు తోముతూ చెప్పిన ఆమె పేరు ఎక్కడా అచ్చు కాదు. నేను కూడా ఇక్కడ రాయడం లేదు. దానికి కారణం వేరే ఉంది, కింద చెప్తాను.

కథ ఇక్కడితో ఆగితే ఇది ఒక సాఫ్ట్‌వేర్ పాఠం. ఆగలేదు.

144 అని నమ్మిన ఇంకో ప్రోగ్రామర్ ఇంకో పని చేస్తాడు. పన్నెండు దెబ్బలంటే నాలుగు చొప్పున మూడు బార్లు. లూప్ అంటే రెండో, నాలుగో, ఎనిమిదో బార్లు ఉండాలని ఆయన అలవాటు. మూడు చూడగానే “వీళ్లు తాళం సరిగ్గా కొట్టలేదు, ఎక్కువ కొట్టారు” అనుకొని ఒక బార్ కోసేస్తాడు. మిగిలిన రెండు బార్లలో అసలు అడుగులు ఐదు, పైన అడుగులో మూడో వంతు. అడుగు గాలిలో ఉండగా కాలు నరికినట్టు. ఆ తర్వాత అతుకు దగ్గర దరువు తడబడితే ఆయన అనే మాట నాకు తెలుసు. ఒక స్టూడియోలో నా చెవులతో విన్నాను: “ఈ ఫోక్ వాళ్లకు టైమింగ్ ఉండదండీ.”

టైమింగ్ ఉండదట! పొద్దున ఆరు గంటల షిఫ్టుకు ఐదు నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు కూలి కోసే గేటు ముందు నిలబడేవాళ్లకు టైమింగ్ ఉండదట.

నేను ఛందస్సు చెప్పే దాన్ని కాబట్టి ఇంకో మాట. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు అని మనం మొదటి రోజే చెప్తాం. పిల్లలు గణాలు కట్టేటప్పుడు ఎక్కడ విరగ్గొట్టాలో తప్పితే పద్యం మొత్తం తప్పుతుంది, అక్షరాలు మాత్రం అవే ఉంటాయి. గురజాడ ముత్యాల సరంలో మూడు, నాలుగు మాత్రలు కలిసి నడుస్తాయి. దాన్ని నాలుగు నాలుగుగా చదివి “గురజాడకు నడక రాదు” అని ఎవరైనా అంటారా? అనరు. అది మిశ్ర గతి అని వ్యాసాలు రాస్తారు. నేనూ చదివాను, రాశాను. అదే మాదిగ చేతిలో మూడు ఉంటే మాత్రం తాళం తప్పు. లెక్క ఒక్కటే, కొలిచేవాడి మర్యాద వేరు.

ఆ ముక్క పేరు గురించి కూడా మాట్లాడాలి. నెట్‌లో దొరికే లూప్ ప్యాకుల్లో ఇట్లాంటి దరువులన్నిటినీ ఒకే గంపలో వేస్తారు. తీన్‌మార్ అంటారు, పక్కన ఒక అంకె, దాని పక్కన ఒక్కోసారి “రా” అనో “మాస్” అనో. తీన్‌మార్ కథ తెలుసా మీకు? హద్రమౌత్ అరబ్బులు, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు హైదరాబాదుకు తెచ్చిన మర్ఫాలోని దరువు అది. నిజాం కొలువులో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే దళం ఉండేది. ఇవ్వాళ మనం ఏసీ గార్డ్స్ అని పిలిచే బస్తీ వాళ్లదే. పెండ్లి ఊరేగింపుల్లో మర్ఫా, డప్పు ఎదురెదురు పడి ఒకరిది ఒకరు నేర్చుకున్నారు. సిద్దీ చెయ్యి, మాదిగ చెయ్యి కలిసిన దరువు అది. ప్యాకులో రెండు చేతులూ లేవు. “మాస్” ఒక్కటే ఉంది. మాస్ అంటే ఎవరు? పేరు అడగనవసరం లేని వాళ్లు.

ఇది మన దగ్గర మాత్రమే జరిగిందని అనుకోకండి. అమెరికాలో ద విన్‌స్టన్స్ అనే బృందం 1969లో ‘ఆమెన్, బ్రదర్’ అనే పాట రికార్డు చేసింది. మధ్యలో డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే నాలుగు బార్లు వాయిస్తాడు. ఏడు సెకన్లు. మీరే లెక్క కట్టండి: నాలుగు బార్లంటే పదహారు అడుగులు, అరవైతో గుణించి ఏడుతో భాగిస్తే 137. ఆ ఏడు సెకన్లను కోసి, వేగం పెంచి, ముక్కలు తిరగేసి హిప్‌హాప్ వాళ్లు వాడుకున్నారు. తొంభైల్లో ఇంగ్లండులో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే సంగీతాలే దాని మీద నిలబడ్డాయి. వేల పాటల్లో ఉంది అది. కోల్‌మన్‌కు దాని మీద ఒక్క డాలర్ రాలేదు. 2006లో ఇల్లు లేని మనిషిగా చనిపోయాడు. 2015లో ఇంగ్లండులో అభిమానులు చందాలు వేసి దాదాపు 24 వేల పౌండ్లు పోగుచేసి ఆ బృందం నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు ఇచ్చారు. అప్పటికి కోల్‌మన్ పోయి తొమ్మిదేండ్లు. జేమ్స్ బ్రౌన్ ‘ఫంకీ డ్రమ్మర్’లో వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్‌దీ అదే కథ. ఆ దరువు ప్రపంచమంతా మోగింది, పాట కర్తల్లో ఆయన పేరు లేదు.

నల్లజాతి డ్రమ్మర్లకు కనీసం ఈ అన్యాయం పేరుతో సహా చరిత్రకెక్కింది. ఎందుకంటే ఆ ముక్క ఏ రికార్డులోదో, రికార్డు మీద ఎవరున్నారో వెతికితే దొరికింది. మన ముక్కలు ఏ రికార్డులోవి? ఎవరో ఫోన్‌లో తీసిన జాతర వీడియోలోవి. దొంగతనం రుజువు చేయడానికి కూడా పేరు కావాలి.

ఇక్కడి దాకా వచ్చాక పిల్లగాడిని అడిగాను. “ఈ ముక్క ఎక్కడిదిరా?”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మా బాపుది మేడం.”

వాళ్ల బాపు డప్పు కొడతాడు. అదే బెల్టులో కాంట్రాక్టు లేబర్. రెండేండ్ల కింద పోచమ్మ బోనాలకు కొడుతుంటే వీడే ఫోన్‌లో తీశాడు. ఫైల్ పేరు చూశాను. “డప్పు లూప్ ఫైనల్ 2” అని ఉంది.

“బాపు పేరెందుకు పెట్టలే?”

“స్టూడియోకు పంపుతా గద మేడం. పేరు చూస్తే… మీరు గా వాళ్లేనా అంటరు.”

మిత్రులారా, నేను ఇప్పటిదాకా సాఫ్ట్‌వేర్‌ను తిట్టాను, స్టూడియోను తిట్టాను. ఈ జవాబు దగ్గర నా నోరు పడిపోయింది. కొడుకే తండ్రి పేరు చెరిపాడు. చెరపకపోతే తలుపు తెరుచుకోదని వాడికి పందొమ్మిదేండ్లకే తెలుసు. ఆ తెలివి ఎవరు నేర్పారు? స్కూల్లో కంచం పక్కకు జరిపినవాడు నేర్పాడు. అద్దెకు రూం అడిగితే ముందు ఇంటిపేరు అడిగినవాడు నేర్పాడు.

నేనేమన్నా తక్కువ తిన్నానా? నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం దించి చూసుకున్నాను. మౌఖిక సాహిత్యం మీద ఒక అధ్యాయం ఉంది. నాకు పాటలు చెప్పినవాళ్లు, డప్పు కొట్టి వినిపించినవాళ్లు అందులో ఉన్నారు. ఎట్లా ఉన్నారు? “ఒక డప్పు కళాకారుడు”, “ఒక వృద్ధ గాయని”. ఆధార గ్రంథాల్లో మాత్రం ప్రతి ప్రొఫెసరుకూ ఇంటిపేరు, ప్రచురణ సంవత్సరం, పుట సంఖ్య. నా వాడ మనుషులే నాకు సమాచారం, పుస్తకాలు రాసినవాళ్లు మాత్రం రచయితలు. ఆ గ్రంథానికి నాకు డాక్టరేట్ వచ్చింది. నేనూ ఒక లూప్ ప్యాకే తయారు చేశాను. అందుకే ఆ పిల్లగాడిని కోప్పడే హక్కు నాకు లేదు. ఈ వ్యాసం రాసే బాధ్యత మాత్రం ఉంది.

ఇప్పుడు రెండు రకాల వాళ్లతో కొట్లాట.

మొదటి రకం, “డీజే వచ్చి డప్పును చంపేసింది” అని సెమినార్లలో కన్నీళ్లు పెట్టుకునే సంస్కృతీ ప్రేమికులు. అయ్యా, డప్పు మీకు ఎప్పుడు బతికి కనబడింది? మీ ఇంట్లో పీనుగ లేస్తే కబురు పంపి పిలిపించుకున్నప్పుడు. కొట్టినందుకు కల్లు పోయించి, చాటలో గింజలు దూరం నుంచి వేసినప్పుడు. కొట్టను అన్నందుకు ఊరు ఊరే వెలివేసిన వాడలు ఈ రాష్ట్రంలో ఉన్నాయి. తమిళనాడులో పరై కొట్టే కులానికి ఆ వాద్యం పేరే తిట్టయి ఇంగ్లీషు నిఘంటువులోకి కూడా ఎక్కింది. సావు డప్పు మానేసిన మా తాతలు కళను చంపలేదు, వెట్టిని చంపారు. ఇప్పుడు మా పిల్లలు అదే డప్పును ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి పైసలు సంపాదిస్తామంటే మీకు స్వచ్ఛత గుర్తుకొస్తున్నది. స్వచ్ఛమైన డప్పు కావాలంటే మీరు నేర్చుకోండి. తోలు నానబెట్టండి, బొచ్చు గీకండి, చింతగింజల బంక కాచి పలకకు అతికించండి. సిర్ర ఒక చేత, సిటికెన పుల్ల ఒక చేత పట్టండి. మీ ఇంటి పీనుగ ముందు మీరే కొట్టండి.

రెండో రకం మనవాళ్లే. “డప్పు వదిలెయ్, చదువుకో” అనే పెద్దల మాటకు నేను తల వంచుతాను. దాని వెనక దెబ్బలున్నాయి. కానీ వేదికల మీద డప్పును గుర్తుగా వాడుకుంటూ, కొట్టినవాళ్లకు బస్ చార్జీలు ఇవ్వని సభలు నేను చూశాను. కరపత్రంలో పదిమంది వక్తల పేర్లు, చివర “డప్పు బృందం” అని ఒక ముక్క. 1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైనప్పుడు, అవమానానికి గుర్తయిన డప్పును భుజాన ఎత్తుకొని మేము ఫలానా అని పేరు చెప్పుకోవడం కదా అందరినీ ఉలిక్కిపడేట్టు చేసింది. పేరు చివర కులం చేర్చుకొని నిలబడ్డ ఉద్యమం అది. చిత్రంగా అదే 1994లో స్వీడన్‌లో ప్రొపెల్లర్‌హెడ్ అనే కంపెనీ రీసైకిల్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. డ్రమ్ లూప్‌ను దెబ్బ దెబ్బకు ముక్కలు కోసి, ఏ వేగానికైనా శ్రుతి చెడకుండా సర్దేది. ఒకే ఏడు ఇక్కడ దరువుకు పేరు వచ్చింది, అక్కడ దరువు నుంచి పేరు విడిపోవడం ఇంకా సులువైంది. మనం మొదటి దాన్నే చూశాం. రెండో దాన్ని కూడా నేర్చుకోవాల్సి ఉండె.

సాఫ్ట్‌వేర్ వాళ్లది, వదిలేద్దాం అనే మాట నాకు నచ్చదు. పద్యం పండితులదని జాషువా వదిలేశాడా? 1941లో ‘గబ్బిలం’ పద్యాల్లోనే రాసి, వాళ్ల కొలతతోనే వాళ్లను కొలిచాడు.

కాబట్టి మ్యూజిక్ చేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు (చెల్లెళ్లకు అని కావాలనే అంటున్నాను; ఆడదానికి డప్పు గురించి ఏం తెలుసు అనేవాళ్లు మన వాడలోనే ఉన్నారు) నాకు తెలిసినంత చెప్తాను. మెషీన్ చెప్పిన బీపీఎం నమ్మకండి. లేచి అడుగు వేయండి, లేదా అడుగు వేసేవాళ్లను పిలవండి, ట్యాప్ బటన్ మీద వాళ్ల కాలి ప్రకారం నొక్కండి. వచ్చిన అంకెను ఒకటిన్నరతో గుణించి, సగం చేసి, రెట్టింపు చేసి చూడండి. మెషీన్ ఎక్కడ పొరపడిందో తెలుస్తుంది. దరువు మూడుగా విరిగితే ప్రాజెక్టు గళ్లను ఆరు ఎనిమిదికో పన్నెండు ఎనిమిదికో మార్చండి. లూప్‌ను గడికి కుదించకండి. వేగం కొంచెం మార్చాల్సి వస్తే దెబ్బలను బట్టి ముక్కలు చేసే పద్ధతి వాడండి. గొంతుల కోసం తయారైన సాగదీత పద్ధతి వాడితే సిటికెన పుల్ల సన్నటి శబ్దం రెండుగా చీలి మసకబడుతుంది. డబ్బులు లేకపోతే ఆడాసిటీ ఉచితం. అందులో టెంపో ఒక్కటే మార్చేది వేరు, వేగం, శ్రుతి కలిపి మార్చేది వేరు, చూసుకొని నొక్కండి. ఎక్కువ సాగదీయాల్సి వస్తే అసలు ఆ లూప్ వాడకండి. పోయి మళ్లీ కొట్టించుకోండి, కూలి ఇచ్చి.

ఇంకోటి. డప్పు ఒకే వేగంలో నడవదు. మా పిల్లగాడి పూర్తి రికార్డింగు ఏడు నిమిషాలుంది. మొదట 96. చివర పూనకం దగ్గర లెక్కగడితే 118. ఆ ఎక్కడం తప్పు కాదు, అదే అసలు సంగతి. పోచమ్మ గుడి దగ్గరికి వచ్చేకొద్దీ మనుషులు ఎట్లా దగ్గరపడ్డారో ఆ అంకెలు చెప్తాయి. ఐదు సెకన్లు కోసి తిప్పితే అక్కడికి ఎప్పటికీ చేరము. పాట వేగాన్ని మెల్లగా పెంచుకుంటూ పోయే వీలు చాలా సాఫ్ట్‌వేర్‌లలో ఉంది. వాడరు, అంతే. పూర్తి రికార్డింగును ఎప్పుడూ పారేయకండి.

చట్టం సంగతి. దరువు మీద, గతి మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు, ఉండకూడదు కూడా. కానీ ఫలానా రోజు ఫలానా మనిషి కొట్టిన రికార్డు వేరు. మన 1957 కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుడు అంటే ఎవరో చెప్తూ సంగీతకారుడు, నర్తకుడు, గారడీవాడు, చివరికి పాములవాడు అని కూడా రాశారు. అంటే వీధిలో నిలబడ్డ మనిషి చట్టానికి కనబడ్డాడు. తన ప్రదర్శన మీద అతనికి 50 ఏండ్ల హక్కు. 2012 సవరణతో వ్యాపారానికి వాడితే రాయల్టీ, ఇది నా ప్రదర్శనే అని గుర్తింపు పొందే హక్కు, పరువు తీసేట్టు వికృతం చేస్తే అడ్డుకునే హక్కు కూడా చేరాయి. వాడే తీరును బట్టి పేరు వదిలేయవచ్చనే సందు కూడా అక్కడే పెట్టారు. సందు లేకుండా మన దేశంలో చట్టం ఎక్కడుంది? అయినా అడగడానికి మనకు ఒక కాగితం ఉంది. తేదీ, ఊరు, కొట్టినవాళ్ల పేర్లు, అసలు వేగం, ఒప్పుకున్న డబ్బు. వెనక ఒక సంతకమో వేలిముద్రో. ఇంతే పని. దీనికి సెమినార్ అక్కర్లేదు.

పేరు అంటే నాకెందుకు ఇంత పట్టింపో ఈ ప్రాంతం వాళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలి యాభై మందికి పైగా పోయారు. లోపల ఎవరెవరున్నారో తేల్చడానికే రోజులు పట్టింది. ఎనిమిది మంది ఆనవాలు దొరకనేలేదు. బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్ల ఇంటివాళ్లు ఫోటోలు పట్టుకొని గేటు ముందు, ఆసుపత్రి ముందు కూర్చున్నారు. పనిమనిషిని తలకాయల లెక్కలో పెట్టుకోవడం, పేరు లెక్కలో పెట్టుకోకపోవడం ఈ బెల్టుకు అలవాటు. లూప్ ప్యాకు చేసినవాడికి ఈ అలవాటు గాలిలో నుంచి రాలేదు.

పిల్లగాడు పాటను 96కు మార్చాడు. గళ్లు పన్నెండు ఎనిమిదికి పెట్టాడు. అతుకు తెలియడం లేదు. వాళ్లమ్మ విని ఏమీ అనలేదట, అంటే పాసయినట్టే. ఫైల్‌కు బాపు పేరు పెడతానని ఇంట్లో చెప్పాడు. గొడవ అక్కడ మొదలైంది.

బాపు వద్దన్నాడు. “కంపెనీల నాకు డప్పు వస్తదని ఎవ్వనికి తెల్వదు. తెలిస్తే సూపర్‌వైజర్ ఇంట్ల దావత్‌కు కొట్టుమంటడు, ఊకెనే. వద్దు.” అందుకే వాళ్లెవరి పేరూ నేను ఇక్కడ రాయలేదు. పేరు పెట్టాలని మనం చెప్తాం, పెడితే వచ్చే బరువు మోసేది వాళ్లు. ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. పోయిన ఆదివారం వాళ్లింటికి పోయాను. నా గ్రంథంలో నేను చేసింది చెప్పాను, చట్టం చెప్పాను, అమెరికా డ్రమ్మర్ కథ చెప్పాను. ఆయన అంతా విన్నాడు. బీడీ ముట్టించాడు. కోల్‌మన్ కథ దగ్గర మాత్రం, “ఇల్లు గూడ లేకుంటనే వొయిండా?” అని రెండుసార్లు అడిగాడు.

చాయ్ తాగి లేస్తుంటే అన్నాడు: “రాస్తే ఒక్కని పేరు రాయొద్దు మేడం. ఆ రోజు ఐదుగురం కొట్టినం. జోడు లేంది దరువు లేదు. అండ్ల ఒకడు సచ్చిపోయిండు, వానిది ముందుగాల రాయుండ్రి. పైసలు వస్తె వాని పెండ్లానికి సుత పాలు వెట్టాలె.”

నిన్న స్టాఫ్ రూంకు పిల్లగాడు వచ్చాడు. ఊరు, తేదీ, ఐదు పేర్లు, 96 అన్నీ కలిపి ఫైల్‌కు పెట్టాడు. స్క్రీన్ మీద సగమే కనబడుతున్నది.

“పేరు మస్తు పొడుగైంది మేడం” అన్నాడు.

“ఉండనీ” అన్నాను.